కురవని పాక

నూకరాజు అడిగింది ఒకటి, అయ్యగారు చేసింది ఒకటి. ఆ రెండింటికీ ఎక్కడ ముడిపడుతుందో ఎంత ఆలోచించినా అతనికి అంతు చిక్కలేదు.

అడిగింది చిన్న ముక్కే. "అయ్యగారూ, మెట్ట నుంచి రైతులు మళ్ళీ కబురు పెట్టారండి. మందిరం కట్టడం అయిపోయిందట. నన్ను వచ్చి అక్కడే ఉండమంటున్నారు. నాలుగు మంచి మాటలు చెప్పమంటున్నారు. తమరు సెలవిస్తే వెళ్తానండి."

సోమలింగంగారు, అంటే ఊరందరికీ అయ్యగారు, వెళ్ళమనలేదు. వద్దనీ అనలేదు. గంజి తాగుతున్నవారు ఆగి, "పాక ఎలా ఉంది?" అన్నారు.

నూకరాజు ముఖం వెలిగిపోయింది. గురువు తనంతట తాను పాక మాట ఎత్తితే ఇంకేం కావాలి?

"చుక్క కురవదండి," అన్నాడు.

అయ్యగారు మిగిలిన గంజి తాగేసి లేచారు. ఆ సత్తుగిన్నె తోముకుని, పంచె కొంగుతో తుడిచారు. పాక నడిమధ్య పరిచి ఉన్న తన చాపను గోడవైపు జరిపి, రోజూ తల పెట్టుకునే చోట గిన్నె పెట్టారు. తరవాత గోడవైపు తిరిగి పడుకున్నారు.

నూకరాజు కాసేపు నిలబడి చూశాడు. పైకి చూశాడు, గిన్నెను చూశాడు, అయ్యగారి వీపును చూశాడు. ఏమీ అర్థంకాక బయటికొచ్చి చీపురు పట్టుకున్నాడు. పాలుపోనప్పుడు అతను ఊడ్చేవాడు.

*

ఆ పాక సంగతి చెప్పాలి. సముద్రానికి కూతవేటు దూరంలో ఇసుక దిబ్బ మీద ఉంది. దిబ్బ కింద జాలర్ల ఇళ్ళు. ఆశ్వయుజం వచ్చిందంటే ఆ ఒడ్డున ఎవరికీ కంటి మీద కునుకుండదు. గాలి ఏ పక్క నుంచి లేస్తుందో, ఎవరి కప్పు ఎగరేసుకుపోతుందో తెలియదు. ఏటా వాన కాలం ముందు తాటాకు కప్పడం, తుఫాను వెళ్ళాక ఎగిరిపోయిన ఆకు వెతుక్కోవడం, ఇదే అక్కడి బతుకు.

నూకరాజు కొత్తగా వచ్చినప్పుడు ఆ పాక జల్లెడలా ఉండేది. వాన పడితే అయ్యగారు ఒక మూల నుంచి ఇంకో మూలకి చాప మోసుకుంటూ తిరిగేవారు. అది చూసి నూకరాజు, ధ్యానం తరవాత నేర్చుకోవచ్చు, ముందు ఈయన తడవకుండా చూడాలి అనుకున్నాడు.

అనుకున్నట్టే చేశాడు. జాలర్ల దగ్గర కూర్చుని పని నేర్చుకున్నాడు. పచ్చి ఆకు తెచ్చి, రాళ్ళ కింద అదిమిపెట్టి, చదునుగా ఆరాక ఎక్కి కప్పేవాడు. ఎక్కడ ఆకు చివికితే అక్కడ కొత్తది దోపేవాడు. కప్పు నడినెత్తిన, కొప్పు మీద రెండు వరసలు వేశాడు. దిబ్బ కింద ఉండే మంగాయమ్మ చిరిగిన వల ఇస్తే దాన్ని కప్పంతా పరిచి, అంచులకు రాళ్ళు కట్టాడు. ఆ తరవాత ఎన్ని తుఫానులు వచ్చినా ఆకు కదల్లేదు. ఇళ్ళు కురిసినవాళ్ళు, ఇళ్ళు ఎగిరినవాళ్ళు అందరూ తుఫాను రోజున ఆ పాకలోకే వచ్చి తలదాచుకునేవారు.

మెచ్చుకోని వాళ్ళు లేరు. పక్క ఊళ్ళవాళ్ళు కూడా వచ్చి కప్పు చుట్టూ తిరిగి చూసి వెళ్ళేవారు. నూకరాజు పైకి ఏమీ అనేవాడు కాదు. లోపల మాత్రం పొంగిపోయేవాడు. కప్పు కుదిరింది, మనసూ కుదిరింది, ఇక నేను ఇంకొకరికి చెప్పగలను అనుకున్నాడు. అలా అనుకోవడంలో అతనికి తప్పేమీ కనపడలేదు.

అయ్యగారి సేవలోనూ లోటు రానివ్వలేదు. తెల్లవారి పాకంతా ఊడ్చి అద్దంలా ఉంచేవాడు. సముద్రం ఒడ్డున ఇల్లంటే ఇసుక రావడం మామూలే. ఎంత ఊడ్చినా మర్నాటికి మళ్ళీ సన్నటి దుమ్ము. ఈ మధ్య అయ్యగారు ఒకసారి, "కంట్లో ఏదో పడుతోంది, నూకరాజూ," అన్నారు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. అతను పరుగున వెళ్ళి నందివర్ధనం పువ్వులు కోసుకొచ్చి, ఆయన్ని పడుకోబెట్టి, కళ్ళ మీద చల్లగా పెట్టాడు. ఆయన కిమ్మనకుండా పెట్టించుకున్నారు. ఆ తరవాత రోజూ పువ్వులు తేవడం అతని పనుల్లో కలిసిపోయింది.

అలాంటి శిష్యుడు సెలవడిగితే గురువు గిన్నె పెట్టి పడుకున్నాడు.

*

మొదట అతనికి వచ్చిన అనుమానం అక్కడ కురుస్తోందని. తనకు తెలియకుండా ఎక్కడో సందు పడి ఉంటుంది. నిచ్చెన వేసుకుని ఎక్కి, వల ఎత్తి, ఆకు ఆకూ తడిమి చూశాడు. వేలు దూరే సందు కూడా లేదు. సాయంత్రానికి పెద్ద వాన పడింది. అతను వసారాలో కూర్చుని గిన్నెకేసే చూస్తూ ఉన్నాడు. వాన వెలిసింది. గిన్నెలో చుక్క లేదు.

"పడలేదండి!" అన్నాడు సంబరంగా.

అయ్యగారు తల ఊపారు. "గిన్నె అక్కడే ఉండనీ," అన్నారు.

"కడిగి పెట్టనాండి?"

"వద్దు. ముట్టుకోకు."

పాకలో ఉన్నది ఆ ఒక్క గిన్నే. అప్పటి నుంచి అయ్యగారు బాదం ఆకు దొన్నెలో గంజి తాగడం మొదలుపెట్టారు. అది కారి పంచె మీద పడుతుంటే నూకరాజుకు ప్రాణం ఉసూరుమనేది. కానీ గురువు మాట. గిన్నె చుట్టూ ఊడ్చాడే కాని గిన్నెను కదపలేదు.

అప్పుడు అతనికి రెండో ఆలోచన వచ్చింది. ఇది కప్పు సంగతి కాదు. తత్వం. గురువులు ఊరికే గిన్నెలు పెడతారా? తల పెట్టుకునే చోట గిన్నె పెట్టారంటే అర్థమేమిటి? తల ఖాళీగా ఉండాలి. గిన్నె ఖాళీగా ఉంది కాబట్టే దానిలో ఏదైనా పోయవచ్చు. ఇంత తేలిక విషయానికి ఇన్నాళ్ళు బుర్ర బద్దలు కొట్టుకున్నానే అని తనను తానే నవ్వుకున్నాడు. ఆ పూట గిన్నె ఎదురుగా పద్మాసనం వేసుకుని, కళ్ళు మూసుకుని చాలాసేపు కూర్చున్నాడు. లేచేసరికి కాళ్ళు తిమ్మిరెక్కాయి కాని మనసు హాయిగా ఉంది.

అయ్యగారి దగ్గరికి వెళ్ళి చేతులు కట్టుకున్నాడు. "తెలిసిందండి. ఆ గిన్నె ఎలా ఖాళీగా ఉందో నేనూ అలా ఉండాలి. అంతేనాండి?"

అయ్యగారు అతని వంక చూశారు. "గిన్నె ఖాళీగా ఉందా?"

"ఖాళీయేనండి."

"చూశావా?"

"చూశానండి. దాని ఎదురుగానే కూర్చున్నాను."

ఆయన చాప మీద వాలి, ఎర్రబడ్డ కళ్ళలోని నీళ్ళు తుడుచుకున్నారు. నూకరాజు మళ్ళీ మొదటికొచ్చాడు. ఔనన్నారా? కాదన్నారా? ఒక్క మాట గట్టిగా చెబితే ఈయన సొమ్మేం పోయింది? గురువు మీద కోపం వచ్చినందుకు సిగ్గేసింది. సిగ్గేసినందుకు మరికాస్త కోపం వచ్చింది. చీపురు అందుకున్నాడు.

*

అలా ఉండగా ఒక పొద్దుట మంగాయమ్మ దిబ్బెక్కి వచ్చింది. చెమటలు కక్కుతోంది.

"రేడియోలో సెప్పేరు బాబూ, వాయుగుండం మన మీదికే వత్తందంట. ఈ మాపటికే తీరం దాటుద్దంట. ఎప్పట్లాగే పిల్లల్ని, ముసిలోళ్ళని పైకి తోలుకొచ్చేత్తాం. ఈసారి మా పేటంతా వత్తాదేమో. పడతామా?"

"పడకేం? సర్దుకుని కూర్చుందురుగాని, అందరూ రండి," అన్నాడు నూకరాజు. "చుక్క కురవదు. పూచీ నాది."

"నువ్వున్నావనే మా దయిర్యం," అంది మంగాయమ్మ. గుమ్మంలో నుంచే అయ్యగారికి దణ్ణం పెట్టుకుని వెళ్ళబోయింది.

"ఉండు తల్లీ," అన్నారు అయ్యగారు. అని నూకరాజు వైపు తిరిగారు. "ఆ గిన్నె ఇలా తీసుకురా."

నూకరాజు గిన్నె తీశాడు. అడుగున సన్నగా ఏదో పేరుకుని ఉంది. చటుక్కున బయటికి నడిచి దులపబోయాడు.

"ఏం పారబోస్తున్నావు?"

"ఇసుకండి. గాలికి వచ్చి పడుతుంది. రోజూ ఊడ్చేదే."

అయ్యగారు చెయ్యి చాచారు. అతను గిన్నె ఆ చేతికిచ్చాడు. ఆయన పక్కనున్న చెంబు వంచి గిన్నెలో సగానికి నీళ్ళు పోశారు. పోసి, నూకరాజు ముందు పెట్టారు.

నూకరాజు వంగి చూశాడు. ఇసుక అడుక్కి దిగాలి. దిగలేదు. లేత పసుపు పొడి, శనగపిండిలా మెత్తనిది, నీళ్ళ మీద తేలుతూ గిన్నె అంచుల దాకా పాకింది.

అతను దాన్ని వేలితో ముట్టుకున్నాడు. వేలికంటిన పొడిని చూశాడు. తరవాత, ఆ పాకలోకి వచ్చిన ఇన్నేళ్ళలో మొదటిసారి, అయ్యగారి తల ఉండే చోట వెల్లకిలా పడుకుని పైకి చూశాడు.

సరిగ్గా పైన నడిమి దూలం. కప్పు బరువంతా మోసేది అదే. దాని ఒంటి నిండా పురుగు తొలిచిన సూదిమొనంత చిల్లులు. చూస్తుండగానే ఒక చిల్లులో నుంచి పొడి రాలి అతని కంట్లో పడింది.

కన్ను భగ్గుమంది. అతను లేచి, నిచ్చెన తెచ్చి ఎక్కాడు. దూలం మీద బొటనవేలు ఆనించి నొక్కాడు. వేలు నానిన రొట్టెలోకి దిగినట్టు లోపలికి దిగింది. పైన తను ఏటేటా కప్పిన ఆకు, రెండు వరసల కొప్పు, వల, రాళ్ళు. ఆ బరువంతా ఈ గుల్ల మీద ఉంది. దీని కింద ఇందాకే పేటంతటినీ పిలిచి కూర్చోమన్నాడు.

 నిచ్చెన పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"ఏంటి బాబూ, ఏవయ్యింది?" అంది కింద నుంచి మంగాయమ్మ.

నూకరాజు దిగి వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. ఆ మాట అనడం అతనికి చాలా కష్టమైంది. "ఇక్కడికి రాకండమ్మా. ఎవర్నీ రానివ్వకు. కాలవ అవతల బడి డాబాకి పొండి, ఇప్పుడే బయల్దేరండి."

"ఇప్పుడేగా చుక్క కురవదన్నావు!"

"చుక్క కురవదమ్మా. కూలిపోతుంది."

ఆమె అతని ముఖం చూసింది. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని దిబ్బ దిగి పరుగెత్తింది.

నూకరాజు ఆమె వెనకే దిగి ఇంటింటికీ వెళ్ళి అదే మాట చెప్పాడు. కొందరు నమ్మలేదు. మీ పాకకే ఏదైనా అయితే మా పాకలు ఉంటాయా అని ఒకాయన నవ్వాడు. నూకరాజు ఆయన ముందూ తల వంచుకుని, నేను సరిగా చూసుకోలేదు, నాదే తప్పు అని చెప్పాడు. ఒక్కో గుమ్మం ముందు అదే మాట అనేసరికి నోరెండిపోయింది. మధ్యాహ్నానికి పేట ఖాళీ అయింది.

*

గాలి లేచే వేళకి అతను అయ్యగారిని వీపు మీద ఎక్కించుకుని కాలవ గట్టున నడుస్తున్నాడు. ఆయన బరువు పిడికెడే. ఇసుక రేగి ముఖాన కొడుతోంది.

"తమరికి ఎప్పటి నుంచి తెలుసండీ?" అన్నాడు కాసేపటికి.

"కళ్ళు మండినప్పటి నుంచి."

"మరి నాకెందుకు చెప్పలేదండీ?" అన్నాడు. గొంతులో కోపం దాగలేదు.

"చెప్పాను కదా. నువ్వు పువ్వులు తెచ్చావు."

నూకరాజుకు ఏడుపొచ్చింది. రెండు చేతులూ వెనక్కి పెట్టి ఆయన్ని పట్టుకుని ఉన్నాడు కాబట్టి కళ్ళు తుడుచుకోవడానికి కూడా లేకపోయింది. వెనక నుంచి అయ్యగారే తన పై కండువాతో తుడిచారు.

*

తుఫాను రాత్రంతా ఊపేసి, మర్నాటికి తగ్గింది. నీళ్ళు తీశాక అందరూ తిరిగొచ్చారు. పేటలో సగం ఇళ్ళకి కప్పు లేదు. నూకరాజు దిబ్బ ఎక్కి చూశాడు.

గోడలు నిలబడే ఉన్నాయి. కప్పు మాత్రం నేల మీద కూర్చుని ఉంది. దూలం రెండు ముక్కలైంది. వాసాలు విరిగి అడ్డదిడ్డంగా పడ్డాయి. వాటి మీద అతని కప్పు అలాగే ఉంది. ఆకు చెదరలేదు, కొప్పు విడలేదు, వల ముడి ఒక్కటైనా ఊడలేదు.

జాలర్లు నలుగురు చెయ్యి వేసి ఒక పక్క ఎత్తారు. నూకరాజు వంగి, లోపలికి దూరి, అయ్యగారు తల పెట్టుకునే చోట నేలను అరచేత్తో తడిమాడు.

పొడిగా ఉంది. చుక్క పడలేదు.

బయటికొచ్చి, కొడవలి అందుకుని వల ముళ్ళు కోయడం మొదలుపెట్టాడు. ఏళ్ళ తరబడి దోపిన ఆకంతా తన చేత్తోనే పీకి కుప్ప వేశాడు. ఒక్కో ఆకు ఏ వేసవిలో దోపాడో చేతులకు గుర్తుంది.  మంగాయమ్మ వచ్చి పక్కన చేరింది. తరవాత ఇంకొందరు చేరారు. ముదురు తాటిదూలం తెచ్చి, నాలుగు వైపులా కొట్టి చూసి, నిలబెట్టారు. పేటలో ఇళ్ళు లేచాకే నూకరాజు పాక మీద ఆకు వేశాడు. అన్నాళ్ళూ గురుశిష్యులిద్దరూ సరుగుడు తోటలో టార్పాలిన్ పరదా కింద పడుకున్నారు.

పాకలో మళ్ళీ చాప పరిచిన రోజున నూకరాజు ఎవరూ చెప్పకుండానే గిన్నె తెచ్చి నడిమధ్య పెట్టాడు. 

*

కార్తీకంలో మెట్ట రైతులు ట్రాక్టరు వేసుకుని వచ్చారు. వాళ్ళ పెద్ద దొరయ్య అయ్యగారికి పళ్ళు సమర్పించి, మందిరం గొప్పలన్నీ ఏకరువు పెట్టి, "ఇక పంపించండి బాబూ," అన్నాడు.

నూకరాజు గుంజ పక్కన నిలబడి నేల చూపులు చూస్తున్నాడు. ఈసారి అతను సెలవడగలేదు. వెళ్ళాలని లేదు. అర్హత లేదని తేలిపోయాక అడగడానికి ముఖం ఎక్కడిది?

"వెళ్ళు," అన్నారు అయ్యగారు.

నూకరాజు ఉలిక్కిపడ్డాడు. గర్వంగా చుక్క కురవదన్న నాడు సెలవియ్యని మనిషి, కప్పు కూల్చుకున్నాక ఇస్తున్నాడేమిటి? "నేనా అండీ? నాకు కళ్ళ ముందున్నదే కనపడలేదు కదండీ. రోజూ ఊడ్చి పారేశాను."

అయ్యగారు లేచి, నడిమధ్య ఉన్న గిన్నె తీసి అతని చేతిలో పెట్టారు. "ఇది తీసుకెళ్ళు."

"మరి తమరికండీ?"

"మంగాయమ్మ ఒకటి ఇస్తానంది."

నూకరాజు గిన్నెనీ, అయ్యగారినీ మార్చి మార్చి చూశాడు. "అక్కడ దీంతో పనేముందండీ? కొత్త పెంకుల కప్పు. దూలాలన్నీ టేకువట. ఇంకా రంగు వాసన కూడా పోలేదంటున్నారు."

"అందుకే," అన్నారు అయ్యగారు.

నూకరాజు వంగి ఆయన పాదాలకు దణ్ణం పెట్టాడు. చాలాసేపు లేవలేదు.

ట్రాక్టరు కాలవ దాటి తారురోడ్డెక్కింది. నూకరాజు తొట్టిలో కూర్చుని గిన్నెను ఒళ్ళో పెట్టుకున్నాడు. పక్కన కూర్చున్న దొరయ్య ఆ సొట్టల గిన్నె వంక చూసి, మొహమాటపడుతూనే అడిగాడు.

"ఏవనుకోకండి సామీ. మా ఊళ్ళో మీకు గిన్నెలే దొరకవా? ఖాళీ గిన్నె ఎందుకండీ అంత దూరం మొయ్యడం?"

నూకరాజు, ఖాళీయేనా అని, గిన్నెను ఎండ వైపు వంచి అడుగుదాకా చూశాడు.